బండ వెనక వేసిన ఈల

ఒక ఈల ఏళ్లుగా నా గొంతులో ఇరుక్కుని ఉంది. నవ్వకండి. నాకే చిరాకు పుడుతోంది, ఈలకు కూడా ఇంత బరువుంటుందా అని. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. నన్ను ఎరగని మీకే చెబుతున్నాను.

నేను బడిలో పీఈటీ సారును. నల్గొండ శివారు గుట్ట మీద ఆదివారం పొద్దున పరుగెత్తే గుంపును మొదలుపెట్టింది నేనే. నియమాలు పెట్టిందీ నేనే. సగం మంది ముందువైపు మెట్లదారిన, సగం మంది వెనకవైపు కాలిబాటన ఎక్కాలి. ముందుగా కొన మీదికి చేరినవాళ్లు ఈల వేయాలి. అది వినగానే ముందున్న వాళ్లు పోటీ వదిలేసి, ఎక్కడున్నవాళ్లు అక్కడినుంచే వెనక్కి మళ్లి, వెనకబడిన వాళ్లను తోడు తెచ్చుకోవాలి. మంచి నియమం అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. ఈల వేసేది ఎప్పుడూ నేనే కదా మరి.

సైదులుది రెడీమేడ్ బట్టల షాపు. పెద్ద పొట్టతో వచ్చాడు. మొదటి రోజు సగం గుట్టకే కూలబడి, "సారూ, నన్ను ఈడనే బొందపెట్టుండ్రి" అని అందరినీ నవ్వించాడు. ఊపిరి ఎలా పట్టాలో, అడుగు ఎలా వేయాలో నేనే నేర్పాను. నేర్చుకున్నాడు. అదే నా ఖర్మ.

ఒక ఆదివారం మెట్లదారిలో పెద్ద బండ దగ్గరికి వచ్చేసరికి, పక్క సందులోంచి వెనకదారి కనిపించింది. పసుపు టీషర్టులో సైదులు. నాకంటే చాలా పైన, దాదాపు కొన మీద. నేను అతనికి కనిపించను, మెట్ల మీద నా వెనకవాళ్లు ఇంకా చాలా కింద ఉన్నారు. బట్టల షాపాయన పీఈటీ సారును ఓడించాడంటే రేపు స్టాఫ్‌రూంలో ఏమంటారు? ఇది అప్పుడే అనుకున్నానా, తర్వాత నన్ను నేను సమర్థించుకోవడానికి అల్లుకున్నానా, ఇప్పటికీ తేలడం లేదు. బండ వెనకే నిలబడి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశాను.

సైదులు ఆగాడు. వెనక్కి మళ్లాడు. తల ఎత్తి పైకి చూడను కూడా లేదు! చూస్తే ఏం పోయేది? నాలుగడుగులు వేసి ఉంటే పైన ఎవరూ లేరని తెలిసేది. మనిషి అంత నమ్మకంగా ఉంటే ఎదుటివాడు ఏమైపోవాలి?

తర్వాత అందరినీ వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. అప్పటికి నేను మిగతా మెట్లెక్కి అక్కడ కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

"గీసారి గూడ నువ్వేనా సారూ? జరంతల తప్పింది. నాదే అయిపోతుండె."

"ఊపిరి ఇంకా కుదరలే నీకు" అన్నాను.

"అయితే జర మల్లొక్కసారి చెప్పు సారూ. ఒక్కసారన్న ఆ ఈల నేను కొట్టాలె."

చెప్పాను. సిగ్గు లేకుండా, చేతులు ఊపుతూ మళ్లీ పాఠం చెప్పాను.

ఒక్కసారితో ఆగానా? లేదు. పసుపు టీషర్టు పైన కనిపించినప్పుడల్లా ఆ బండ నాకు పనికొచ్చింది. సైదులు ప్రతిసారీ వెనక్కి మళ్లేవాడు. ఒకరి సంచి మోసేవాడు, మోకాళ్ల నొప్పులున్న హమీద్ భాయ్ చేయి పట్టుకుని జోకులు చెబుతూ ఎక్కించేవాడు. గుంపంతా అతనంటే ప్రాణం పెట్టేది.

మొన్న వానాకాలంలో అతనికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

అప్పటినుంచి ఈ గుంపుతో వేగలేకపోతున్నాను. గుట్ట కింద ఫ్లెక్సీ, టీషర్టుల మీద అతని ఫొటో, పొద్దున లేస్తే వాట్సాప్ నిండా ఒకటే మాట: "మన కోసం వెనక్కి వచ్చే మనిషి." చదివినప్పుడల్లా ఫోన్ విసిరికొట్టాలనిపిస్తుంది. వెనక్కి పంపింది నేనురా నాయనా! అలాగని ఆ మంచితనం నా ఈల వల్ల వచ్చిందా? కాదు. వెనక్కి మళ్లడం వరకే నా ఈల. చేయి పట్టుకోవడం అతని గుణం. ఇంత తెలిసీ, నా దొంగతనంలోనూ ఏదో మేలుందని వెతుక్కునే నా బుద్ధిని ఏమనాలి?

దినాలప్పుడు అతని భార్య నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "పొద్దుగాల లేస్తే ఇంట్ల ఒకటే ఈల సారూ. పిల్లలు చెవులు మూసుకుంటుండిరి. గుట్ట మీద కొట్టాలె, సారును గెలిచిన నాడు ఈల రాకపోతె ఇజ్జత్ పోతది అంటుండె." ఆమె నవ్వబోయి ఏడ్చింది. నేను నీళ్లు తాగే నెపంతో లేచి అవతలికి వెళ్లాను.

పోయిన ఆదివారం అతని పేరు మీద పరుగు పెట్టారు. ఎవరూ పోటీ పడొద్దని, సారే ముందు ఎక్కి సైదులు కోసం ఈల వేయాలని తీర్మానించారు. ఎక్కాను. ఈసారి నిజంగానే కొన మీద ఉన్నాను. కింద అందరూ నిలబడి ఎదురుచూస్తున్నారు. వేళ్లు నోటిదాకా వెళ్లాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

వాళ్లే ఎక్కి వచ్చారు. హమీద్ భాయ్ నన్ను కావలించుకుని, "సారుకు దుఃఖంల ఈల గూడ రాలే" అన్నాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. దుఃఖం ఉంది, లేదనను. కానీ నా నోరు మూసింది అది కాదు. అయినా ఆ మాటను కూడా కాదనకుండా తీసుకుని ఇంటికి వచ్చాను.

అక్కడ అనలేని మాట ఇక్కడ అంటున్నాను. సైదులూ, గెలిచింది నువ్వే. ప్రతిసారీ నువ్వే. నేను బండ వెనకాల ఉన్నాను.