మూడో పిలుపుకు పలికిన దావీదు

కుప్పంలో ఆరేళ్లు చేసి, బెంచి క్లర్కుగా పుంగనూరుకు బదిలీ అయిన ఏడాది సంగతి ఇది. మా సర్వీసులో చచ్చిన ముద్దాయిని కోర్టుకు రప్పించిన క్లర్కును నేనొక్కణ్ణే. ఖాళీ బోనులోంచి పలికాడు. నెత్తిమీద ఫ్యాను దానంతటది ఆగిపోయింది.

ముద్దాయి అంటే నేరస్తుడని చాలామంది అనుకుంటారు. కాదు. నేరం మోపబడినవాడు, అంతే. దావీదు మీద మోపింది పట్టుగూళ్ల మూట దొంగతనం. అతని ఊరు మదనపల్లె. బెయిలు మీద ఉన్నవాడు ప్రతి వాయిదాకూ రావాలి. పేరు మూడుసార్లు పిలుస్తాం. పలికితే ఆ రోజు కాగితంలో ‘హాజరు’ అని రాస్తాం.

ఆ రోజు పేర్లు పిలిచే బంట్రోతు సెలవు. నేనే పిలిచాను. మూడో పిలుపుకు గొంతు వినిపించింది, మట్టి అడ్డం పడ్డట్టు. హాజరు వేశాను.

తరువాతి వాయిదాకు అతని వకీలు మరణ ధ్రువపత్రం దాఖలు చేశాడు. దావీదు పోయింది నేను హాజరు వేసిన రోజుకు నెల ముందు!

మేజిస్ట్రేటు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. ధ్రువపత్రమే దొంగదని, మనిషి పరారీలో ఉన్నాడని ప్రాసిక్యూటరు అన్నాడు. నాన్‌బెయిలబుల్ వారంటు వెళ్లింది. అంటే కనబడిన చోట పట్టుకుని కోర్టుకు తేవాలి, స్టేషనులో వదలడానికి లేదు. కానిస్టేబుళ్లు దావీదు భార్య రూతమ్మ ఇంటి చుట్టూ తిరిగారు. మంచం కింద కూడా చూశారట.

“యాడ దాచిపెట్టినావమ్మా?”

“సమాధుల తోటలో. తవ్వుకోపోండి!”

నేను నోరు మూసుకుని ఉన్నాను. ఇక్కడే నిజం ఒప్పుకోవాలి. బోను సంగతి నా కల్పన. ఫ్యాను ఆగింది కరెంటు పోయి. గొంతు వరండా వైపు నుంచి వచ్చింది, నేను తలెత్తి చూడలేదు.

ఒకరోజు రూతమ్మ నా బల్ల మీద ఒక ఫొటో పెట్టింది. శవపేటికలో మనిషి. “నీకు పలికింది ఈయప్పేనా సార్? బాగా సూడు,” అంది. నెలల తరబడి ప్రతి వాయిదాకూ నేను హాజరు వేసిన ఆ ముఖాన్ని చూడడం అదే మొదటిసారి.

సాయంత్రం లోపలే సంజాయిషీ రాసిచ్చాను, చూడకుండా రాశానని. నాకు మెమో వచ్చింది. పోలీసులు చర్చి రిజిస్టరు చూసి వచ్చాక వారంటు రద్దయింది, కేసు ‘అబేట్’ అయింది. అంటే ముద్దాయి చనిపోయినందువల్ల ముగిసింది. దోషి అనీ కాదు, నిర్దోషి అనీ కాదు.

నేను నేర్చుకున్నది ఇది: మనిషిని చూడకుండా హాజరు వేయకూడదు. మనం రాసిన మాట ముందు మరణ ధ్రువపత్రం కూడా నిలవదు.

రిటైరయ్యాక మదనపల్లె బస్టాండులో రూతమ్మ కనిపించింది. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న సమాధానమే ఆమెను అడిగాను: “ఆ పొద్దు వారంటు వస్తుందని భయపడి వరండాలోంచి పలికింది నువ్వే కదమ్మా?”

“నేను యాల పలుకుతా సార్? ఆయప్ప పోయినాడని సెప్పేకే వచ్చి, కిటికీ కాడ నిలబడుకోనుండా. వరండాలో ఎవురూ నోరు తెరవలా. నువ్వే పిలిస్తివి. మూడోతూరి గొంతు మార్చి పలికింది గూడా నువ్వే.”