తొమ్మిదో పద్యం

పద్యం రాయడం వచ్చని నలుగురికీ తెలియనివ్వకూడదని కుర్రతనంలో నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈపాటికి సుఖంగా ఉండేవాణ్ణి. చోడవరంలో ఎవరు రిటైరైనా సన్మానపత్రానికి ఇప్పటికీ నన్నే పట్టుకుంటారు. ఓపిక లేదు మొర్రో అన్నా వినరు.

ఈ శిక్ష నా తొలి ఉద్యోగంలో మొదలైంది. ఓ ప్రైవేటు బడిలో తాత్కాలిక తెలుగు మాస్టారిని. పై ఏడాదికి నన్ను ఉంచమని హెడ్మాస్టారు ఉత్తరం రాస్తేనే కొలువు. ఆయనేమో ఆ నెలాఖరుకే రిటైరవుతున్నారు. ఓ రోజు గదిలోకి పిలిచి, "ఏటి బాబూ, నాకు ముందున్నాయనకి అష్టకం సదివేరు, ఎనిమిది పద్యాలు. మరి నాకేటి?" అన్నారు. "నవకం చదువుదామండి, తొమ్మిది" అన్నాను. (దేవుళ్ళే ఎనిమిదితో సరిపెట్టుకుంటున్నారు గదండీ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.) నవకమంటే తొమ్మిదింటి గుంపు. పద్యానికో సుగుణం చొప్పున పొగడాలని నా ఆలోచన.

సమయపాలన, క్రమశిక్షణ, చేతిరాత అంటూ కిందామీదా పడి ఎనిమిది లాక్కొచ్చాను. (ఎనిమిదోది ఆయన గొడుగు మడిచే తీరు మీద.) తొమ్మిదో గుణం ఎంత వెతికినా దొరకదే! మా వైపు పెళ్ళిళ్ళలో వధూవరుల మీద పద్యాలు చదివేవారు. సభ రోజు పొద్దున్న తెగించి, బుచ్చయ్యపేటలో మా మేనమామ కూతురి పెళ్ళికి రాసిన పద్యం తీసి, పేర్లు మాత్రం మార్చి అతికించేశాను. మిగతాది చూసుకునే ఓపిక లేకపోయింది.

వేదిక మీద ఆయన, పక్కన వాళ్ళావిడ, మెడల్లో చెరో దండ. ఎనిమిదీ రాగం తీసి చదివాను. తొమ్మిదోది అందుకున్నాక గానీ తెలియలేదు, అందులో కొత్త దంపతులూ, వధువు సిగ్గూ అలాగే ఉన్నాయని! ఆపితే పరువు పోతుంది, ఆపకపోతే ఉద్యోగం పోతుంది. ఆపలేదు. హాలంతా ఘొల్లున నవ్వింది. హెడ్మాస్టారి ముఖం కందగడ్డయింది. ఆవిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది.

మర్నాడు గుండె రాయి చేసుకుని ఆయన గదికి వెళ్ళాను.

"ఆ ఎనిమిదీ అబద్ధాలని నాకూ తెల్సు" అన్నారాయన తలెత్తకుండా. "సూడు బాబూ, మా పెళ్ళిలో పద్యాలు సదివినోడు లేడు. ఆ ఆఖరిది పటం కట్టించమని మా ఆవిడ పొద్దున్నుంచీ ఒకటే పోరు పెడతంది. మంచి కాయితం మీద రాసియ్యి." ఉత్తరం మీద సంతకం పెట్టి నా వైపు తోశారు.

ఉద్యోగం నిలిచింది. నాకూ జాగ్రత్త వచ్చింది. ఆ తర్వాత ఎన్ని నవకాలు రాశానో, ఎక్కడా ఒక్క మాట తప్పు పోలేదు. ఒక్కదానికీ ఎవరి ఇల్లాలూ అలా నవ్వలేదు.