శనివారం మాది కాని ఇల్లు

ఆ రోజుల్లో కర్ణాటక అంచున ఉన్న మా పావగడలో పెళ్ళికి పిల్ల దొరికేది గానీ బాడుగకు ఇల్లు దొరికేది కాదు. మా వల్లూరు చుట్టుపక్కల పొలాల్లో వేరుశనగ పోయి సోలార్ పలకలు మొలిచిన కొత్త అది. ఎక్కడెక్కడి నుంచో ఇంజనీర్లు దిగారు. టౌనులో ఖాళీగా ఉన్న ఇళ్ళే కాదు, ఖాళీగా లేని ఇళ్ళు కూడా వాళ్ళకే పోయాయి. మా నాయన తనకున్న మెట్టభూమినంతా సోలార్ పార్కుకు బాడుగకు ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు వచ్చినవాళ్ళను మీది ఏ ఊరు, మీ ఇంటికి చుట్టాలు ఎక్కువగా వస్తారా, రాత్రి లైటు ఎప్పుడు ఆర్పుతారు అని ఒక్క మాట అడగలేదు. అంత భూమిని అంత మర్యాదగా ఇచ్చినవాడి కొడుకునైన నేను ఒక గది, ఒక వంటిల్లు కోసం ఆ టౌనులో వీధివీధీ తిరిగి, గుమ్మం గుమ్మం దగ్గరా పరీక్షలకు నిలబడ్డాను. ఇంత కాలమైంది, ఇంక మర్చిపో అంటుంది మా ఆవిడ. మర్చిపోవడానికి తగిన కారణం నాకు ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

మా ఆవిడ తాలూకా ఆస్పత్రిలో నర్సు. పెళ్ళికి ముందు నుంచీ వై.ఎన్.హొసకోటలో వాళ్ళ చిన్నాన్న ఇంట్లో ఉండి, అక్కడి నుంచి బస్సులో డ్యూటీకి వచ్చేది. పెళ్ళయ్యాక కూడా అక్కడే ఉండిపోయింది. వల్లూరులో మా ఇంట్లో అన్నలు, వదినలు, వాళ్ళ పిల్లలు పోగా మాకు మిగిలింది వసారాలో ఒక మూల. పైగా ఆమె రాత్రి డ్యూటీ వేళకు మా ఊరి నుంచి బస్సు లేదు. అందువల్ల పెళ్ళయిన మగవాణ్ణయి ఉండి కూడా నేను, పార్కులో పనికి సెలవు దొరికిన రోజు హొసకోటకు పోయి, ఆ చిన్నాన్న, అంటే మా చిన్నమామ, ఎరువుల అంగట్లో బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఆమె లోపలి నుంచి కాఫీ తెచ్చి ఇచ్చేది. గ్లాసు చేతులు మారేంతసేపే మా కాపురం. చిన్నమామ నన్ను చూడగానే, అంగడికి వచ్చిన రైతులందరూ వినేలాగా, "ఏమప్పా అల్లుడూ, ఇల్లు దొరికెనా, ఇంకా ఆ పలకల కిందనే కాపురమా" అనేవాడు. రైతులు నవ్వేవాళ్ళు. వాళ్ళలో ఇద్దరి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

మొదట బజారు వీధికి పోయాను. అక్కడ బెల్లం సావుకారు ఒకాయన ఇంటి వెనక భాగం ఖాళీగా ఉందన్నారు. ఆయన నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, మా ఇంటిపేరుతో మొదలుపెట్టి మా ముత్తాత దాకా పోయి, తిరిగి వచ్చి ఉద్యోగం అడిగాడు. సోలార్ కంపెనీలో అన్నాను. ఆయన ముఖం వెలిగింది. అందులో ఏం పని అన్నాడు. పలకలు శుభ్రం చేసే జట్టుకు సూపర్‌వైజర్ని అన్నాను. వెలిగిన ముఖం అట్లే ఆరిపోయింది. "కంపెనీ అంటివే, ఇంజనీరేమో అనుకొంటినప్పా. పలకలు తుడిచేవాడివా" అన్నాడు. తుడిచేవాణ్ణి కాదు, తుడిపించేవాణ్ణి అని చెప్పాను. (ఈ తేడా ఆయనకు బోధపడాలని ఆ తర్వాత కూడా పనిగట్టుకుని పోయి వివరించాను. మజ్జిగ మాత్రం మళ్ళీ ఇవ్వలేదు.) ఆ వీధిలో పోవాల్సి వస్తే నేను ఇప్పటికీ ఆయన అంగడికి అవతలి పక్కనే నడుస్తాను. ఆయన దాన్ని ఎప్పుడూ గమనించలేదని మా ఆవిడ అంటుంది. గమనించడం ఆయన ఇష్టం, నడవడం నా హక్కు.

రెండోది కొత్త లేఔటులో, ఒక రిటైర్డ్ మేష్ట్రు మిద్దె మీది ఇల్లు. ఈయన ఏమీ అడక్కుండానే ఇచ్చాడు. పాలు పొంగించడానికి ఇల్లాలు పక్కన ఉండాలి కాబట్టి, ఆమెకు సెలవు దొరికే ఆదివారం చూసుకుని, నేను ముందుగానే సామాను చేర్చి పడుకోవడం మొదలుపెట్టాను. ఆదివారం వచ్చేలోపలే గొడవ వచ్చేసింది. నీళ్ళ మోటారు స్విచ్చి మేష్ట్రు పడకగదిలో ఉండేది. నేను పైనుంచి కేకేస్తే, ఆయన నీటి విలువ మీద కన్నడంలో నిదానంగా ఒక పాఠం చెప్పి, మోటారు వేసి, నా బకెట్టు సగం కాకముందే ఆపేసేవాడు. నేను ఊరుకునే రకం కాదు. బాడుగకున్నవాడి కష్టాలన్నీ కన్నడంలో అర్జీలాగా రాసి, కింద సంతకం పెట్టి, ఆయన వీధి తలుపుకు అంటించాను. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చూస్తే ఆ కాగితం నా తలుపుకు ఉంది. ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది, పైన మార్కులు వేసి, అడుగున ఇల్లు ఖాళీ చేయమని రాశాడు. మార్కులు కూడా చాలా తక్కువ వేశాడు.

ఆదివారం ఆమె పాలు, కొత్త గిన్నె పట్టుకుని వచ్చేసరికి నేను గేటు బయట చాప, స్టవ్వు, బిందెల మధ్య నిలబడి ఉన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆమె తిరుగు బస్సులో గిన్నెను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ రోజు చిన్నమామ కూడా నవ్వలేదు. రైతులు పోయేదాకా ఆగి, "ఇదో అల్లుడూ, ఇంకొక ఇల్లు చూడు. అది కూడా నీ నోటితోనే పోగొట్టుకొంటివంటే పిల్లను మేమే పెట్టుకొంటాం. ఆ పిల్ల డ్యూటీ చేసుకోవల్లనా, నీ పంచాయితీలకు తిరగవల్లనా" అన్నాడు. ఆమె అడ్డం చెబుతుందేమోనని చూశాను. తలుపు పక్కన నిలబడి కాఫీ గ్లాసు వైపే చూస్తోంది. చిన్నమామ మాటకు నాకు కోపం వచ్చింది గానీ, ఆమె మాట్లాడకపోవడానికి భయం వేసింది.

మూడో ఇల్లు శనిమహాత్మ గుడి వెనక సందులో దొరికింది. పావగడ వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ మిగతావాళ్ళకు చెప్పాలి. శనివారం వస్తే ఆ గుడికి ఆంధ్ర నుంచి, బెంగళూరు నుంచి జనం వస్తారు. ఏలినాటి శని పట్టినవాళ్ళు వస్తారు, పట్టిందేమోనని అనుమానం ఉన్నవాళ్ళూ వస్తారు. వాళ్ళకు స్నానానికి, వంటకు, కాసేపు నడుం వాల్చడానికి చోటు కావాలి. ఆ సందులో ఇళ్ళవాళ్ళు ఆ ఒక్క రోజుకు గదులు ఇస్తారు. మా ఇల్లుగలామె నడుముకు పెద్ద తాళాల గుత్తి దోపుకుని తిరిగేది. తాళాలమ్మ అని నేనే పేరు పెట్టాను. ముందు గది, లోపలి గది, వంటిల్లు చూపించి, "వారంలో ఆరు దినాలు మీది, శనివారం నాది. పొద్దున్నే సామాను అటక మీదికి ఎక్కించి పోవల్ల, దీపాలు పెట్టే యాళకు రావల్ల. ఇష్టముంటే ఉండండి" అన్నది. ఏడు రోజుల బాడుగ తీసుకుని ఆరు రోజుల ఇల్లు ఇవ్వడం ఏ న్యాయమో అడగాలని గొంతు సవరించుకున్నాను. నాకంటే ముందు మా ఆవిడ "సరేనమ్మా" అనేసింది. బయటికి వచ్చాక, "మనకు ఆరు దినాలు చాలు బావా" అన్నది.

పాలు పొంగాయి. శనివారం వస్తే వల్లూరుకు పోయేవాళ్ళం, లేకుంటే ఆమె శుక్రవారం రాత్రి డ్యూటీ ముగించుకుని ఆస్పత్రిలో నర్సుల గదిలోనే పడుకునేది, నేను పలకల మధ్య కాలం గడిపేవాణ్ణి. అలా సాగుతుండగా ఒక శుక్రవారం నర్సుల గదికి సున్నం కొడుతున్నారని తెలిసింది. ఆమె డ్యూటీకి పోతూ, పొద్దున ఇంటికే వస్తానని, లోపలి గదిలో ఒక మూల చాలని, తాళాలమ్మను మంచిగా అడగమని చెప్పింది. మంచిగానే అడిగాను. (నా లెక్కలో అది మంచిగానే.) "ఒక శనివారం అంటే అన్ని శనివారాలూ అంటారు. మాట అంటే మాటే" అని ఆమె తాళాలు గలగలలాడించుకుంటూ పోయింది. అడిగింది నేను కాబట్టే కాదన్నదని నాకు ఇప్పటికీ నమ్మకం.

తెల్లవారి నేను స్నానం చేయలేదు, గడ్డం గీసుకోలేదు. కంపెనీ నల్ల చొక్కా వేసుకుని, లోపలి గది గడపకు అడ్డంగా చాప పరిచి కూర్చున్నాను. గొడవైతే సాయంత్రానికి సామాను సందులో ఉంటుందని, ఆమె హొసకోట బస్సులో ఉంటుందని, చిన్నమామ మాట నిజమవుతుందని నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను. లేచి పక్కకు తప్పుకోవడం ఎలాగో నేర్చుకోలేదు.

ముందుగా వచ్చింది కళ్యాణదుర్గం పక్కనుంచి ఒక ముసలి జంట. మూటలు దించి, నన్ను చూసి, ముసలాయన ఎదురుగా చతికిలబడ్డాడు. "నీకు శని ఎన్నో ఏడు నడుస్తాంది నాయనా" అన్నాడు మెల్లగా. నేను భక్తుణ్ణి కాదు, ఈ ఇంట్లో కాపురం ఉండేవాణ్ణి అని చెప్పాను. కాపురం ఉండేవాడు ఇట్లా ఎందుకు కూర్చున్నాడని ఆయన అడగడంతో చెప్పక తప్పలేదు. బెల్లం సావుకారు మజ్జిగ, మేష్ట్రు మోటారు, ఎర్ర పెన్ను, ఎరువుల అంగట్లో బెంచీ, నవ్విన రైతులు, తాళాలమ్మ షరతు అన్నీ వరసగా చెప్పాను. ఇవన్నీ మొదలు నుంచి చివర దాకా విన్న మనిషి అంతకుముందు లేడు. మా ఆవిడ మేష్ట్రు దగ్గరే ఆపేస్తుంది. ఈయన ఊఁ కొడుతూ, ఎక్కడా తొందర పెట్టకుండా విన్నాడు. చివరకు భార్య వైపు చూసి తల పంకించాడు.

"ఇల్లు నిలవకపాయె. పెండ్లాము ఒక ఊరు, తానొక ఊరు ఆయె. సావుకార్లతో, సదువుకున్నోళ్ళతో విరోధమాయె. ఇంకేం కావల్ల నాయనా. నిన్ను గట్టిగా పట్టుకొన్యాడు శనిదేవుడు."

నాకు చాలా బాధ వేసింది. ఇంత కాలం ఒక్కొక్కరి పేరున విడివిడిగా దాచుకున్న కోపాలన్నింటినీ ఈయన మూటగట్టి ఒకే దేవుడికి అప్పజెప్పేశాడు. అయితే సావుకారుది, మేష్ట్రుది తప్పేమీ లేదా అని అడిగాను. "వాళ్ళదేముండాది, వాళ్ళు ఉత్త చేతులు, చేయించేది ఆయప్ప" అన్నాడు. వాదించబోయాను. ఈలోగా ముసలామె మూట విప్పి, విస్తరాకులో చిత్రాన్నం పెట్టి నా ముందుకు జరిపింది. ఇంటికి వచ్చిన వాళ్ళ తిండి నేను తినడమేమిటని వద్దన్నాను. తర్వాత తిన్నాను. అందులో ఉప్పు తక్కువైంది. ఆ సంగతి బయటికి అనలేదు, నా జీవితంలో అలాంటి సందర్భాలు అరుదు.

అప్పుడు మా ఆవిడ వచ్చింది. ఆ రాత్రి కాన్పులు ఎక్కువట, నిలబడే తూలుతోంది. గడపకు అడ్డంగా చాపను, చాప మీద నన్ను, నా ముందు విస్తరాకును చూసింది. ఏం జరగబోతుందో ఆమెకు అర్థమైంది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, అలసట తప్ప ఏమీ లేదు. నేను నోరు తెరవకముందే ముసలామె లేచి, "రా తల్లీ, మొగమంతా పీక్కపోయుండాదే" అని చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయింది. తమ మూటలు గోడ పక్కకు తోసి, దుప్పటి పరిచింది. మా ఆవిడ చేతిసంచి తలకింద పెట్టుకుని, మేము చూస్తుండగానే నిద్రపోయింది.

కాసేపటికి తాళాలమ్మ మరికొందరు భక్తులను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె కోసం నేను రాత్రంతా ఉపన్యాసం తయారుచేసుకుని ఉన్నాను. ఆమె నోరు తెరిచింది, నేనూ తెరిచాను. ముసలామె వేలు పెదవి మీద పెట్టి లోపలికి చూపించింది. గొంతు తగ్గించి పోట్లాడటం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

"లెయ్యప్పా" అన్నది తాళాలమ్మ గుసగుసగా.

"లెయ్యను" అన్నాను నేనూ గుసగుసగానే.

"శనివారం ఇల్లు వదిలి పోతామని మాట ఇచ్చినారు కదా."

"నేను ఇయ్యలేదు. మాట ఇచ్చింది ఆమె."

"అయితే ఆమెనే లేపు."

ఇద్దరం లోపలికి చూశాం. నేను లేపలేదు. లేపమని ఆమె మళ్ళీ అనలేదు. ముసలాయన మాత్రం, ఈ అబ్బోడు మాతో ఉంటాడు లేమ్మా, వీనికీ శనే కదా అని నా తరఫున ఒక మాట వేశాడు. తాళాలమ్మ నా తల మీదుగా మెడ సాచి మళ్ళీ లోపలికి చూసింది. నా ఉపన్యాసంలో మంచి మంచి మాటలు ఉన్నాయి, గుసగుసలో చెబితే ఒక్కటీ నిలిచేలా లేదు.

"ఆ కిటికీ మూయప్పా. పిల్ల మొగం మీద ఎండ పడ్తాంది" అన్నదామె చివరకు. తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని, మిగతా భక్తులను పక్కింటికి తీసుకుపోయింది.

ఆ తర్వాతి శనివారాల్లో లోపలి గది మాకు వదిలేసింది, ముందు గది మాత్రమే భక్తులకు ఇచ్చింది. ఇది నా చాప వల్ల జరిగిందని ఒక్కరూ ఒప్పుకోలేదు. తాళాలమ్మ సందంతా తిరిగి, ఆ పిల్లను చూసి తనకే జాలి వేసిందని చెప్పుకుంది. హొసకోటలో చిన్నమామ అంతా విని, ఆ కళ్యాణదుర్గం ముసలాయన మా అల్లుడి పేరు మీద మంచి పూజ చేయించి ఉంటాడన్నాడట. అలా నా విజయం సగం తాళాలమ్మకు, సగం శనిమహాత్మునికి పోయింది. ఇది నేను మర్చిపోలేదు.

ఇప్పుడు మాకు సొంత ఇల్లు ఉంది, ఏడు రోజులూ మాదే. ఆ చాప మీద గడ్డంతో కూర్చున్న కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తుకొస్తాడు. ఉన్న ఒక్క ఇంటిని, రాక రాక వచ్చిన భార్యను పణంగా పెట్టి గడపకు అడ్డం కూర్చున్న వాణ్ణి చూస్తే నాకు భయమూ వేస్తుంది, ముద్దూ వస్తుంది. ఆ రోజు వాడు గెలిచాడా, ఓడిపోయాడా అన్నది ఇంతవరకు తేలలేదు. చూసినవాళ్ళలో ఇప్పుడు నాకు అందుబాటులో ఉన్నది మా ఆవిడ ఒక్కతే. అడుగుదామంటే, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పక్క గదిలో నిద్రపోతోంది. కిటికీ మూసి వచ్చి, కుర్చీ చప్పుడు కాకుండా కూర్చుని, ఇదంతా రాశాను.