నా రక్తం, బావ చెయ్యి

ఆ రోజుల్లో ఆళ్లగడ్డలోని మా ఇంట్లో నన్ను గాజుసామానులా చూసుకునేవాళ్లు. ఎనిమిదో తరగతిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చినందుకు బావి దగ్గరికి పోనివ్వరు, సైకిల్ ముట్టనివ్వరు, చివరికి తిట్లలో కూడా నాకు రాయితీ (తమ్ముడికి ఆ రాయితీ లేదు పాపం). ఇరవై ఏళ్లొచ్చినా అందరూ నాకు చేసేవాళ్లే తప్ప, నాచేత చేయించుకునేవాళ్లు లేరు. అందుకే నంద్యాలలో అక్కకు ఆపరేషన్ అనీ, ఇంటివాళ్లలో ఒకరు రక్తమిస్తే బదులుగా ఆమె గ్రూపు రక్తం ఇస్తారనీ తెలిసినప్పుడు "నేనిస్తా" అని ఎగిరి గంతేశాను. "బరువు సాలకపోతే తీసుకోరంట, తిను నాయనా" అంటూ అమ్మ బస్సులో అరటిపండ్లు అందిస్తూనే ఉంది. శిరివెళ్ల దాటేసరికి నాకు ఊపిరాడలేదు.

బరువు సరిపోయింది. "మాత్రలేమన్నా మింగుతాండావా అప్పా?" అని డాక్టరు అడిగితే "లేదు సార్" అన్నాను. అబద్ధం కాదు. అన్నేళ్లుగా మింగుతున్నది నాకు మాత్రలా కాదు, రోజూ తినే సంగటిలా అనిపించేది. అంతలో అమ్మ తెర తోసుకుని వచ్చింది. "ఒరేయ్, పొద్దున ఫిట్స్ మాత్ర మర్సిపోయినావు గదరా, ఇదో, మింగు!"

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "నీ రక్తం చెడ్డదని కాదప్పా. ఫిట్స్‌కు మాత్రలు వాడేవాళ్ల దగ్గర తీసుకోగూడదని మా రూలు. ఇచ్చేటప్పుడు నీకేమన్నా అయితే ఎట్లా? ఇంకెవురన్నా ఉండారా?"

అందరం అక్క మొగుడు, మా బావ వైపు చూశాం. కబడ్డీలో నలుగురిని ఈడ్చుకొచ్చే మనిషి, గోడకు ఆనుకుని చెమటలు కక్కుతున్నాడు. "సూదంటే నాకు కండ్లు తిరుగుతాయి రా. నువ్వు పక్కన కూచో. ఏమన్నా మాట్లాడు" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. మా బర్రె ఈనిన వైనం మొదలుకుని నోటికొచ్చినదంతా చెప్పాను. రక్తం ఆయనదే గానీ, నలిగినవి నా వేళ్లు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కోలుకున్నాక అక్క నవ్వుతూ అంది, "నువ్వు లేకుంటే ఆయప్ప గోడ దూకి పోయేవాడంట. నాకు నువ్వే ఇచ్చినావనుకుంటా లేరా."

ఇప్పుడు మా బంధువుల్లో ఎవరు రక్తమివ్వడానికి పోయినా పక్కన కూర్చోవడానికి నన్నే పిలుస్తారు. నేనూ పెద్దరికంగా పోతాను. కానీ ఆ రోజు, వద్దన్న రక్తాన్ని ఒంట్లోనే పెట్టుకుని, ఆసుపత్రి మెట్ల మీద ఎవరికీ కనపడకుండా ముక్కు చీదుకున్న ఆ ఇరవై ఏళ్లవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడి పక్కన కూడా కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.