బొంత అంచున నడిచిన ఏనుగులు

ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను, ఒక్కరైనా సరైన జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాళ్లు కొందరు, “ఇంగా అదే పట్టుకోనుండావా అప్పా” అని నవ్వేవాళ్లు కొందరు. అవును, అదే పట్టుకుని ఉన్నాను. మొన్న మదనపల్లెలో టమాటా మార్కెట్టు దారిన వస్తూ ఒక ఫ్లెక్సీ చూసి ఆగిపోయాను. మన ప్రాంతపు పాత బొంతల ప్రదర్శన మళ్లీ పెడుతున్నారట. దాని మీద ఇంత పెద్దగా వేసిన బొంత మా అమ్మ కుట్టినదే. పైన పుంగనూరు కోట, నడుమ పొట్టి ఆవుల మంద, ఆవుల కాళ్ల కింద ఇంకేమీ లేదు. అక్కడ ఉండవలసిన వాటి గురించే నా తగాదా అంతా.

నా ఈడువాళ్లకు బొంత అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలను పొరలు పొరలుగా పరిచి, అంచున మొదలుపెట్టి నడిమికి వచ్చేదాకా చేత్తో కుట్టుకుంటూ పోయేవాళ్లు. ఆ వెచ్చదనం కొన్న దుప్పట్లకు రాదు. తొంభైల చివర, నేను పట్టుగూళ్ల మార్కెట్టులో తూకాల దగ్గర పనిచేసే రోజుల్లో, మదనపల్లె ఆడవాళ్లు కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. మన ఊళ్ల పాత సంగతులను బొంతల మీద బొమ్మలుగా కుట్టి, ఊరూరా చూపించాలని వాళ్ల ఆలోచన. ఒక రిటైరైన ఆఫీసరుగారి భార్య దానికి పెద్ద. మా అమ్మ చేతి కుట్టు చూసి ఆమే ఇంటికి వచ్చి మరీ పిలిచింది, ఆ మాట దాచను.

అందరూ కోటలు, కొండలు, గుడి గోపురాలు కుట్టారు. మా అమ్మ కూడా పై భాగమంతా అట్లాగే కుట్టి, కింద అంచు పొడుగునా ఏనుగులను నడిపించింది. ఆమె పుట్టిల్లు రామకుప్పం దగ్గర అడవి అంచు పల్లె. చేతికొచ్చిన రాగి పైరు మీద ఏనుగులు పడడం అక్కడ ఏటా ఉన్నదే. ఆమె తమ్ముడు, అంటే మా మేనమామ, పైరు కోతకొచ్చిందంటే రాత్రుళ్లు మంచె మీదే ఉండి డబ్బా వాయించేవాడు. మా నాయన పాత గొడుగు గుడ్డను కత్తిరించి అమ్మ ఏనుగులను చేసింది. ఆ నల్ల గుడ్డ నిగనిగ చూస్తే అప్పుడే వానలో తడిసి వచ్చినట్టుండేవి. ఒక మూల మంచె, మంచె మీద డబ్బా పట్టుకున్న మా మామ. మామ తలగుడ్డకు మాత్రం తన పెళ్లినాటి ఎర్రచీర కొంగు నుంచి చిన్న ముక్క తీసింది. కుట్టేటప్పుడు సంఘం ఆడవాళ్లు ముగ్గురు ఆమెతో కూర్చుని అంచు పట్టారు, ఏనుగు తోకల గురించి వేళాకోళాలాడుకున్నారు. ఆ తర్వాత ముగ్గురికీ ఆ సంగతే జ్ఞాపకం లేకుండా పోవడం నాకు ఇప్పటికీ అంతుపట్టని విషయం.

మొదటి ప్రదర్శన పుంగనూరులో జరిగింది. గోడల పొడుగునా దండేల మీద బొంతలు వేలాడుతుంటే లోపలికి వచ్చిన ఒక ముసలమ్మ, “ఎవురి బిడ్డ తడిపిందమ్మా ఇన్ని బొంతల్నీ?” అని అడిగింది, హాలంతా నవ్వులు. అమ్మ బొంత ఆ రోజు నిండుగా ఉంది, నేను నా కళ్లతో చూశాను. ఫోటోలు తీశారు కూడా. అయితే పెద్దమనుషులంతా బొంతకు అడ్డంగా వరసలో నిలబడ్డారు కాబట్టి ఏనుగులు ఉండవలసిన చోట వాళ్ల పంచెలూ ప్యాంట్లూ పడ్డాయి. నా దగ్గర రుజువు లేకపోవడానికి అదీ కారణం. ప్రదర్శన అయ్యాక బొంతలన్నీ మదనపల్లెలో సంఘం పెద్దావిడ ఇంటికి చేరాయి.

రెండోది కుప్పంలో అనగానే అమ్మకు కాలు నిలవలేదు. పుట్టింటికి కబురు మీద కబురు పంపింది, “నిన్ను బొంత మీదికి ఎక్కించినా తమ్ముడా, వచ్చి సూసుకో” అని. మామ తెల్ల చొక్కా వేసుకుని, అత్తను, ఊరి ఆడవాళ్లను నలుగురిని వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. ఆయన జన్మలో ఎవరూ ఆయన బొమ్మ వేసింది లేదు. నేరుగా బొంత దగ్గరికి వెళ్లి పై నుంచి కిందికి చూశాడు, మళ్లీ కింది నుంచి పైకి చూశాడు. కోట ఉంది, ఆవులున్నాయి. ఏనుగులు లేవు, మంచె లేదు, ఆయన లేడు. ఆవుల కాళ్ల కిందే బొంత అయిపోయింది.

“ఉండాయి తమ్ముడా, యాడో లోపలికి మడిసిపెట్టినట్టుండారు” అంటూ అమ్మ అంచు ఎత్తి వెనక్కి వంగి చూసింది. ఆమె వేళ్లు ఆ అంచు మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా పోయి ఆగిపోవడం నేను చూశాను. బొంతంతా చేతికుట్టు, ఆ అంచుకు మాత్రం మిషను కుట్టు పడింది. ఎవరో కత్తెరతో కోసి, మడిచి, మిషను మీద కుట్టేశారు. అమ్మ ఆ అంచు పట్టుకునే నిలబడింది. వెనక ఊరివాళ్లు గుసగుసలాడుతున్నారు. అప్పుడు మా అత్త గట్టిగానే అనింది, “పోనీలే వదినా, పగలు ఏనుగులు యాడొస్తాయి, పొద్దుగూకనీ.” వచ్చినవాళ్లంతా పగలబడి నవ్వారు. మామ నవ్వలేదు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, “కోట పక్కన మేమెందుకులేక్కా” అని మాత్రం అని బయటికి నడిచాడు. అమ్మ వెనకాలే వెళ్లి మిషను కుట్టు సంగతి చెప్పబోయింది. బస్సుకు టైమయిందని ఆయన వినలేదు.

ఆ సాయంత్రమే నేను అడగడం మొదలుపెట్టాను. సంఘం పెద్దావిడ, వ్యానులో వానకు తడిసి చెడిపోతే తీయించామన్నది. గొడుగు గుడ్డ వానకు చెడిపోయిందట! కార్యదర్శిగా ఉన్నావిడ ఎలుకలు కొరికాయన్నది. వ్యాను మాట్లాడిన పెద్దమనిషి, ఆ పెద్దావిడకు మరిది, “ఏనుగులా? నేను సూళ్లేదే” అన్నాడు. తడిసినవీ, ఎలుకలు కొరికినవీ, అసలు లేనివీ ఒకే ఏనుగులు ఎట్లా అవుతాయని నిలదీస్తే, ఒక గుడ్డపీలిక కోసం ఇంత రాద్ధాంతమా అన్నారు. ఏనుగులు తొక్కిన పైరుకు పరిహారం కోసం ఆ పల్లెలవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న రోజులవి, కుప్పం ప్రదర్శనకు అధికారులు వస్తారని ముందే అనుకున్నారు. ఆ అధికారుల కంట ఏనుగులు పడకూడదనుకున్నారేమోనని నా అనుమానం. అనుమానం మీద ఎవరినీ దోషి అనను, అందుకే అడుగుతున్నాను.

అమ్మ ఆ బొంత వెనక్కి తీసుకోలేదు, మళ్లీ సూది పట్టలేదు. పుట్టింట్లో ఆమెకు ఏనుగులక్క అని పేరు పడింది. పెళ్లికి పోయినా చావుకు పోయినా ఎవరో ఒకరు ఏనుగులు దొరికినాయా అని అడిగేవాళ్లు. రానురాను పోవడమే తగ్గించింది. మామ పండక్కి చీర పంపేవాడు కాని తాను వచ్చేవాడు కాదు. కోటల పక్కన నిలబెట్టడానికి అక్క తనను చూసి సిగ్గుపడిందనే ఆయన పోయేదాకా అనుకున్నాడు. ఆయన పోయిన ఏడాదిలోనే అమ్మా పోయింది.

ఇప్పుడు బొంత కుట్టేవాళ్లూ లేరు, కుడదామన్నా అంత మెత్తబడేదాకా ఒక చీరను కట్టేవాళ్లూ లేరు. అప్పుడు ఒక బొంత చుట్టూ నలుగురు కూర్చుంటే నాలుగిళ్ల మంచీ చెడ్డా ఆ కుట్లలోనే కలిసిపోయేది. ఇప్పుడు సంతలో అమ్మే పూల రగ్గులు కప్పుకుని ఎవరింట్లో వాళ్లు పడుకుంటున్నాం. బొంతలను వారసత్వం అని గోడకెక్కించడం నేర్చుకున్నాం, వాటిని కుట్టిన మనిషిని ఒక మాట అడగడం మాత్రం నేర్చుకోలేదు.

మా అత్త ఇంకా ఉంది. చూపు మందగించింది కాని చెవులు బాగా పనిచేస్తాయి. ఏనుగుల అంచు ఎవరో కోసేశారని నేను ఎన్నిసార్లు చెప్పినా, అమ్మ మీది ప్రేమతో కల్పించి చెబుతున్నాననే అనుకుంటుంది. పెద్దావిడా, కార్యదర్శిగారూ, వ్యాను మాట్లాడిన పెద్దమనిషీ, మీరు ముగ్గురూ ఈ ఊళ్లోనే ఉన్నారు, ఇది చదువుతారని నాకు తెలుసు. ఆ పీలిక నాకు వద్దు, క్షమాపణా వద్దు. కారు నేను మాట్లాడతాను. మీలో ఒక్కరు నాతో వచ్చి మా అత్త ముందు కూర్చుని, అంచు ఎవరు కోశారో, ఎందుకు కోశారో చెప్పండి. ఎవరు వస్తారు?