పాయింట్లు లేని బండి

పూజ రోజున మా అమ్మ పురోహితుడికి చెప్పిన పేరు గురించి నాకు ఇంకా కోపం తగ్గలేదు. తగ్గించుకోమని చెప్పినవాళ్ళ మీద కూడా కోపంగానే ఉంది. ఇది చదివి నన్ను గయ్యాళి అనుకునేవాళ్ళు నిరభ్యంతరంగా అనుకోవచ్చు. ఈ రైల్వే ఊళ్ళో మా పేట తాల్‌బగీచాలో సగంమంది ఎలాగూ అనుకుంటూనే ఉన్నారు.

బండి మా నాన్నది. మూడువందల యాభై సీసీ, ఒంటి సిలిండరు, గేరు కుడికాలికీ బ్రేకు ఎడమకాలికీ ఉండే పాతకాలం మోటారుసైకిలు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సర్వీసులో ఉండగానే పోయారు. ఆయన బదులు ఇచ్చే ఉద్యోగం ముందు అన్నయ్యనే తీసుకోమన్నారు. అన్నయ్యకి గ్రీజు వాసన పడదు. అప్పటికే ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో ఏసీ గదిలో కుదురుకున్నాడు, పెళ్ళి చేసుకుని ఊరికి అటు పక్క ఇందాలో కాపురం పెట్టాడు. నేనా, పెళ్ళి చేసుకుని రెండేళ్ళకే పుట్టింటికి తిరిగొచ్చినదాన్ని. అలా ఉద్యోగం నాకొచ్చింది. లేతు మిషను మీద పని. మొదటి నెలల్లో ఆడది లేతు ఎలా తిప్పుతుందో చూడ్డానికి పక్క షాపుల నుంచి పనిగట్టుకుని వచ్చేవారు. చూసి వెళ్ళిపోయేవారు. నేను వాళ్ళ ముఖాలు చూడకుండా ఇనుము కోసుకునేదాన్ని.

బండి మాత్రం ఏడేళ్ళు పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉంది. ట్యాంకులో తుప్పు, సీటులో ఎలుకలు. తుక్కువాడు వీధిలోకొచ్చి అరిచినప్పుడల్లా అమ్మ నా వైపు చూసేది. నేను వర్క్‌షాపుకి టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, వెళ్ళేదాన్ని. టోటో నిండితేగాని కదలదు. నిండాక కదిలినా ఎవరికో కూరగాయలు కొనడానికి మధ్యలో ఆగుతుంది. సైరన్ మోగాక గేటు దగ్గరికి చేరితే ఫోర్‌మన్ చూసే చూపు ఒకటుంది, అది పడాలి. స్కూటీ కొనుక్కోవచ్చు కదా అని అందరూ అన్నారు. కొనుక్కోవచ్చు. నాకు ఈ బండే కావాలి. నాన్న అన్నయ్యకి దీన్ని నేర్పిన రోజుల్లో నన్ను వెనకాల పరిగెత్తి పట్టుకోమనేవారు, పడిపోకుండా. నేర్చుకుంది వాడు, ఒగర్చింది నేను. ఆ సీటు మీద నేను కూర్చుని నాకు నేనుగా రోజూ పనికి వెళ్ళాలి. నాకున్న కోరిక అంతే, దానికి ఇంకే పెద్ద అర్థమూ లేదు.

బండి నా పేరుకి మార్చుకోవడానికి అన్నయ్య సంతకం కావలసి వచ్చింది. ఇందా వెళ్ళి కాగితం ముందు పెట్టాను. వాడు చదవకుండానే సంతకం గీకేశాడు.

"తీసుకోవే తల్లీ, ఆ తుక్కుని నువ్వే పూజించుకో. మా ఇంటికి మాత్రం తేకు" అని వదినతో కలిసి నవ్వాడు.

నేనూ నవ్వాను. అప్పుడు నవ్వినందుకు ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మూడు చలికాలాలు పట్టింది. ఆదివారాలు, సెలవు రోజులు, డ్యూటీ అయ్యాక వెలుగున్నంతసేపు. నేను ఒకటే నియమం పెట్టుకున్నాను. చూడ్డానికి నాన్న బండిలా ఉండాలి, నడపడానికి ఈ రోజుల బండిలా ఉండాలి. పాత ఆరు వోల్టుల కరెంటు తీసేసి పన్నెండు వోల్టులకి మార్చాను. హెడ్‌లైటు గిన్నె అదే, లోపల బల్బు కొత్తది. బ్రేకు డ్రమ్ములు అవే, లోపల లైనింగు మెత్తగా పట్టేది వేయించాను. అన్నిటికన్నా కష్టపడింది పాయింట్ల దగ్గర. ఇంజిన్ పక్కన గుండ్రటి మూత కింద రెండు చిన్న లోహపు ముక్కలు ఉంటాయి, అవి కలిసి విడిపోతేనే నిప్పురవ్వ పుట్టి బండి నడుస్తుంది. వానాకాలంలో చెమ్మ తగిలితే చాలు, మొరాయిస్తాయి. నాన్న ఎన్నిసార్లు రోడ్డు పక్కన గొడుగు మెడకింద ఇరికించుకుని వాటిని ఎమరీ కాగితంతో గీకారో. నేను ఆ పాయింట్లు తీసేసి, అదే మూత కింద అగ్గిపెట్టె అంత ఎలక్ట్రానిక్ ప్లేటు పెట్టాను. ఆ ప్లేటు కూర్చునే రింగు నేనే లేతు మీద తిప్పాను. మూత మీద పాత సొట్ట కూడా తీయలేదు. బయటినుంచి చూసినవాడికి ఏమీ మారలేదు.

తప్పులు చేయలేదని కాదు. సిలిండరు బోరు చేయించి కొత్త పిస్టన్ వేసినప్పుడు మా వర్క్‌షాపు బుద్ధి చూపించాను. మా దగ్గర లూజు అన్నమాట తిట్టుతో సమానం. పిస్టనుకీ సిలిండరుకీ మధ్య ఇంత ఖాళీ ఉంచాలని పుస్తకంలో ఉంటే, ఇంత వదులేంటి సిగ్గులేకుండా అనుకుని బిగువుగా చేయించాను. రైలు పెట్టె చక్రానికి అది గొప్ప. వేడెక్కి ఉబ్బే పిస్టనుకి అది చావు. మొదటిసారి రోడ్డెక్కిన రోజు పురీ గేటు దగ్గర ఇంజిన్ కరుచుకుపోయి చక్రం బిగిసి, నేను జారుకుంటూ వెళ్ళి సైకిళ్ళ దుకాణం ముందు పడ్డాను. పది మంది చేరారు. అందరూ ఒకటే మాట, "దీదీ, ఇంట్లో దాదా ఎవరైనా ఉంటే ఫోన్ చేయండి." బండి చేసింది నేనే, చెడగొట్టింది కూడా నేనే, దాదాకి, ఏ అన్నకైనా సరే, ఇందులో ఏం పని అని అరిచాను. మోకాలు నెత్తురోడుతూ తాల్‌బగీచా దాకా తోసుకుంటూ వెళ్ళాను. మళ్ళీ విప్పాను.

చివరికి వర్షాలు వెనకపట్టే వేళకి బండి తయారైంది. ఒక్క కిక్కు. అంతే. నాన్న కాలంలో ఎదురు తన్ని ఆయన మడమ వాచేలా చేసిన బండి, చిన్నపిల్ల తన్నినా లేచేలా చేశాను. రెండు వారాలు రోజూ దాని మీదే పనికి వెళ్ళాను. సైరన్‌కి ఇంకా టైముండగా గేటు ముందు నిలబడి టీ తాగాను. నా జీవితంలో అంత రుచిగల టీ తాగలేదు.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. వర్క్‌షాపు ఊళ్ళో ఆ పూజ ఎలా జరుగుతుందో చెప్పక్కర్లేదు. పనిముట్లకీ యంత్రాలకీ పూజ చేసే ఆ రోజు ఎవరూ పనిముట్టు పట్టుకోరు. పొద్దున షాపులో పూజ చూసుకుని ఇంటికొచ్చేసరికి, అమ్మ బండికి కూడా పూజ పెట్టించింది. మన తెలుగు పురోహితుడే వచ్చాడు. బండిని కడిగి, పసుపు రాసి, బంతిపూల దండ వేసి వాకిట్లో నిలబెట్టారు. అన్నయ్య, వదిన కూడా వచ్చారు. నాకు సంతోషమే వేసింది, నిజం చెప్తున్నాను. అన్నయ్య బండి చుట్టూ తిరిగి, "ఒలే, ఇది తుక్కేనేటి? నాన్న కాలంలో కూడా ఇంత బాగా నేదు" అన్నాడు.

పురోహితుడు సంకల్పానికి పేరూ గోత్రమూ అడిగాడు. నేను నోరు తెరిచేలోపల అమ్మ అన్నయ్య పేరు చెప్పింది. నాన్న గోత్రం చెప్పింది. అన్నయ్య చొక్కా విప్పి పీట మీద కూర్చున్నాడు. నేను మూడేళ్ళు గోళ్ళలో నల్లటి నూనె నింపుకుని చేసిన బండికి, వాడి పేరున అక్షతలు పడ్డాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వాడు కొబ్బరికాయ కొట్టాడు, ఎక్కాడు, తన్నాడు. ఒక్క కిక్కుకే లేచింది. ఎందుకు లేవదు? అలా చేసింది నేనే కదా. పదిసార్లు తన్నినా లేవకుండా ఉంటే వాడు విసుక్కుని దిగిపోయేవాడు.

నేను అమ్మని వంటింట్లోకి లాగి అడిగాను. "బండి కాగితం నా పేరు మీదుంది. పూజ ఆడి పేరునెందుకు?"

"కాగితానికేటే, దేవుడికి గోత్రం సెప్పాల" అంది అమ్మ. "నువ్వు పెళ్ళి సేసుకుని ఒగ్గేసొచ్చినదానివి. నీ గోత్రమేటని సెప్పమంటావు? మీ నాన్నదా, ఆ ఒగ్గేసినోడిదా?"

ఆ ప్రశ్నకి జవాబుండాలని ఆ క్షణం దాకా నాకు తెలియదు. వాకిట్లో బండి చప్పుడు దూరమైపోతూ వినిపించింది. ఓ రౌండు వేసొస్తానన్న అన్నయ్య రాలేదు. సాయంత్రం ఫోన్ చేసి, పూజ తన పేరున జరిగింది కాబట్టి ఇక బండి తన దగ్గరుండటమే బాగుంటుందన్నాడు. మర్నాడే తన స్కూటీని బావమరిదికి ఇచ్చేశాడు.

నేను గొడవ చేయలేదు. నన్ను చూసి ఊళ్ళోవాళ్ళు భయపడతారు గానీ, అమ్మ ముందు నా నోరు ఎప్పుడూ పెగలదు. నాకు నా మీద ఉన్న కోపం అది. ఎనిమిది రోజులు మళ్ళీ టోటో ఎక్కాను. రెండు రోజులు సైరన్ తప్పింది. లేతు ముందు నిలబడి ఒక బుష్షుని కొలత తప్పి చెడగొట్టాను కూడా.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు. పలకరింపు లేదు.

"ఏటే, ఇంత కుళ్ళేటే నీకు? బండిలోంచి పాయింట్లు పీక్కెల్లిపోయినావా? మెకానిక్కు మూత ఇప్పి సూపించినాడు. లోపల పాయింట్లే నేవు. సొంత అన్నకి ఇలాగ సేస్తారేటే ఎవలైనా?"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు మండిపోయాయి. డ్యూటీ దిగగానే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఇందా వెళ్ళాను.

మెకానిక్ షెడ్డు ముందు బండి నిలబడి ఉంది, మూత ఊడి. అన్నయ్య నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. మెకానిక్ ముసలివాడు, మంచివాడే. "దీదీ, పాయింట్ గాయబ్. ఎవరో తీసేశారు" అన్నాడు జాలిగా. ఆయనకి ఆ ప్లేటు ఏమిటో తెలియదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన నన్ను ఎరగడు. నన్ను పుట్టినప్పటి నుంచి ఎరిగినవాడు పక్కన నిలబడి ఉన్నాడు.

బ్యాటరీ చూశాను. పూర్తిగా చచ్చిపోయి ఉంది. తాళం ఎక్కడుందని అడిగితే బండికే ఉందన్నాడు. నిన్నటి నుంచి స్విచ్చి వేసే ఉంది. ఆ మాత్రం కట్టేయడం కూడా వాడికి చేతకాలేదు. ఎదురుగా ఆగిన టోటో అతన్ని అడిగితే తన బ్యాటరీల్లో ఒకదాని నుంచి రెండు తీగలు ఇచ్చాడు. మూత బిగించాను. తన్నాను. ఒక్క కిక్కు.

"పాయింట్లు లేకుండా ఎలా?" అన్నాడు మెకానిక్, హిందీలో.

"వాటి పని ఈ ప్లేటు చేస్తుంది."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

ఆయన ఒకసారి అన్నయ్య వైపు చూసి, చేతులు గుడ్డకి తుడుచుకుని, పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. అన్నయ్య ముఖంలో మాత్రం ఏమీ మారలేదు. క్షమించు అనలేదు. తప్పయింది అనలేదు. కుళ్ళు అన్నమాట వెనక్కి తీసుకోలేదు.

"సరే, దిగు. ఇకనించి స్విచ్చి కట్టేస్తాన్లే" అన్నాడు, చెయ్యి చాచి.

తాళం బండిలోనే ఉంది. ఇవ్వాలంటే ఇంజిన్ ఆపాలి. నేను ఆపదలుచుకోలేదు. టోటో తీగలు ఊడదీసి, సంచీ ట్యాంకు మీద పెట్టుకుని, కుడికాలితో గేరు వేసి కదిలాను. వెనక నుంచి ఒలే, ఒలే అని అరుస్తూ కొంతదూరం పరిగెత్తాడు. ఒగర్చడం ఎలా ఉంటుందో వాడికీ తెలిసిందనుకుంటాను.

తాల్‌బగీచాలో ఇంకా వెలుతురుంది. బండి చప్పుడు విని అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది. కొడుకే అనుకుని ముఖం వెలిగింది. నన్ను చూసింది. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

"అన్నయ్యేడే?"

"ఇందాలో."

"బండి నువ్వట్టుకొచ్చేసినావేటి? మరి రేపు ఆడు దేని మీద ఎల్తాడే ఆఫీసుకి?"

నేను వర్క్‌షాపులో చేరిన ఇన్నేళ్ళలో, వానల్లో, కాలు బెణికిన రోజుల్లో, గడిచిన ఈ ఎనిమిది రోజుల్లో, ఆ ప్రశ్న నా గురించి ఒక్కసారి కూడా ఆవిడ నోటంట రాలేదు. బండి స్టాండు వేశాను. స్విచ్చి కట్టేసి తాళం తీసుకున్నాను.

"ఇన్నేళ్ళూ నేను దేని మీద ఎల్లినానమ్మా?" అని అడిగాను.

"టోటో మీద" అంది అమ్మ.

"ఆడూ అదే ఎక్కుతాడు" అన్నాను.