పద్నాలుగో మెట్టు

మొన్న అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ మిన్నీ బేలో మా రేవులో కొత్తగా కట్టిన ర్యాంపు చూడడానికి ఒక ఆఫీసరు బాబు వచ్చి, నిండు పోటు మీద ఒడ్డునే నిలబడి ఫోనుతో నాలుగు ఫోటోలు తీసుకుని, బూటుకు తడి తగలకుండా వెళ్ళిపోతుంటే నా బొటనవేలు దురద పెట్టింది. ఎందుకో నా ఈడు వాళ్ళకు చెప్పాలనిపించి కోడలిని రాయమన్నాను; నాకు అంకెలు తప్ప అక్షరాలు రావు.

నా పెనిమిటి సముద్రంలో పోయిన మరుసటి ఏడు మాకు రేవుమెట్లు మంజూరయ్యాయి. అంతవరకు ఆటుకు నీరు తీసినప్పుడు నాచు పట్టిన రాళ్ళ మీదే చేపల గంపలు మోసేవాళ్ళం. మా తోడికోడలు అక్కడే జారి తుంటి విరిగి, మళ్ళీ గంప ఎత్తలేదు. పని మొదలైన రోజున ఇంజనీరు గారు పద్నాలుగు మెట్లని, ఎంత నీరు తీసినా చివరి మెట్టు తడిసే ఉంటుందని అందరికీ వినబడేలా చెప్పారు.

తర్వాత కంట్రాక్టరు మనిషి నిండు పోటు చూసుకుని కాగితం తెచ్చాడు. పని పూర్తయిందని మా చేపలవాళ్ళ సంఘంలో ఐదుగురు వేలిముద్ర వేస్తే ఇంజనీరు సంతకం పెడతారట. నలుగురు వేసేశారు. నేను కాలితో తడుముకుంటూ నడుము లోతు దిగాను. పదకొండో మెట్టు తర్వాత రాయే తగిలింది.

"దీదీ, అంగూఠా లగా దో, బస్" అన్నాడతను, వేలిముద్ర వేసెయ్యక్కా చాలని.

"నీరు తీసేక రా భయ్యా, అప్పుడేత్తాను."

సంఘం పెద్ద మా బావగారే. "నీకొక్కదానికేనేటే కళ్ళున్నాయి? ఈళ్ళకి కోపమొత్తే రేపు మన రేవుకి ఇంకే పనీ రాదు" అని కసిరారు. ఆయన ముందు ఏనాడూ నోరెత్తని దాన్ని, "గంప నీ నెత్తి మీదుంటే తెలుస్తాది బావా" అనేశాను.

వారం రోజులు మా వాళ్ళెవరూ తమ పడవ చేప నా గంపలో వెయ్యలేదు. పడవ లేని దాన్ని, చేప దొరక్కపోతే పొయ్యి వెలగదు. అయినా వేలు ఇవ్వలేదు.

ఐదో ముద్ర ఏదని చివరికి ఇంజనీరు గారే వచ్చారు, నీరు తీసిన వేళ. తడి గంప ఆయన చేతుల్లో పెట్టి, రాళ్ళ మీంచి ఎక్కి రమ్మన్నాను. ఆయన బూట్లు విప్పి, ఒక్క అడుగు వేసి, చతికిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు, ఒడ్డున కూర్చున్న మా తోడికోడలు తప్ప. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మిగిలిన మూడు మెట్లూ పడ్డాకే నా వేలు సిరాలో ముంచాను.

ఇప్పుడు పద్నాలుగూ ఒకేలా అరిగిపోయాయి. బావగారూ లేరు, తోడికోడలూ లేదు. ఏ కాగితమూ రేవుకు రావడం లేదు, పని సంగతి ఫోటోయే చెబుతుందట. కాదనడానికైనా ముందు ఎవరో ఒకరు అడగాలి కదా.

అడగకపోతే పోనీ. రేపు పొద్దున్న నీరు బాగా తీస్తుంది. ర్యాంపు ఎక్కడిదాకా ఉందో దిగి చూస్తాను. ఆ బాబు ఊళ్ళో ఏ ఆఫీసులో కూర్చుంటాడో కనుక్కున్నాను. వెళ్ళేటప్పుడు గంప కూడా తీసుకెళ్తాను.